పులి సంగతి సరే, మా మరిది సంగతేంది?

అందరూ పడుకున్నారు. నాకే కోపం చల్లారక నిద్ర రాలేదు.

చిన్నదానికి పరీక్షలైపోయాయి కదా, 'అన్వేషణ' చూపిద్దామని కూర్చోబెట్టా. 1985 సినిమా అనగానే మూతి తిప్పింది గానీ, అడవి, ఇళయరాజా మొదలయ్యాక ఫోను పక్కన పెట్టేసింది. సరిగ్గా అప్పుడొచ్చాడు మా మరిది, బొరుగుల గిన్నె ఒళ్లో పెట్టుకుని. తెర మీదికి ఒక మనిషి రాగానే "పాపా, చంపేది ఈయప్పేలే" అనేశాడు! కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా.

నేను అరిచా. "టీవీలో అన్నిసార్లు వేసినాక ఇంకా దాచేదేముందమ్మా" అని మా అత్త వాణ్ణే వెనకేసుకొచ్చింది. దానికిది మొదటిసారి కదత్తా!

నేను మొదటిసారి చూసింది ప్రొద్దుటూరులో, మా మామ పెళ్లైన మర్నాడు రాత్రి. అద్దె కలర్ టీవీ, వీసీపీ వాకిట్లో పెట్టి, చాపలేస్తే వీధంతా వచ్చింది. ఇది ఆఖరి క్యాసెట్టు. పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోయారు, నేనూ అన్నా తప్ప. సినిమాలో అడవిలో జరిగే చావులు పులి పని కాదు, మనిషి పనేనని తేలి, ఆ మనిషెవరో తెలిసేలోపు కరెంటు పోయింది. తెల్లారినా రాలేదు. షాపాయన సైకిలేసుకుని వచ్చేశాడు. "చంపిందెవరన్నా?" అని అన్న వెంటపడితే, "ఇంకో రోజు అద్దె కట్టు, చూపిస్తా" అని అన్నీ కట్టుకుని పోయాడు. ఆ సెలవులంతా అదే గొడవ. నేను కార్తీక్ అని, వాడు శరత్‌బాబు అని. పాలు పోసే ఆయన్ని కూడా అనుమానించాం.

సరే, తర్వాతెప్పుడో టీవీలో పూర్తిగా చూశాం. మరి తెలిసిపోయాక కూడా వచ్చినప్పుడల్లా ఎందుకు చూస్తున్నట్టు? పక్షుల కూతల్లో సంగీతం వెదుక్కుంటూ భానుప్రియ ఒక్కతే అడవిలో నడుస్తుంటే ఇప్పటికీ కాళ్లు పైకి ముడుచుకుంటా. ఆ అడవి మన తలకోనే. అక్కడికి పోయినప్పుడు జలపాతం వదిలేసి పొదల వైపే చూస్తున్నానని మా ఆయన ఎంత నవ్వాడో.

ఇంకో సంగతి. చిన్నది ఈ రోజు ఆ 'ఈయప్ప' మీదినుంచి కళ్లు తిప్పలేదు. "అమ్మా, వెనక్కి పెట్టు, డైరెక్టర్ వంశీ ఇతన్ని ఎంత అమాయకంగా నిలబెట్టాడో చూడు" అని రెండు సీన్లు మళ్లీ వేయించింది. ఆ రోజుల్లో నేను ఇవేవీ చూడలేదు. తెలిసి చూడటంలోనూ రుచి ఉన్నట్టుంది.

ఉంటే ఉండనీ, అంతమాత్రాన వాడు చేసింది ఒప్పైపోదు. వాడు రోజుకొక ఎపిసోడ్ దాచుకుని చూసుకుంటున్న సిరీస్‌లో హంతకుడెవరో చిన్నది నెట్‌లో వెదికి పెట్టుకుంది. రేప్పొద్దున టిఫిన్ దగ్గర చెప్తుందంట. ఉగ్గాని, బజ్జీ చేస్తా, లేవకుండా కూర్చుంటాడు.