ఎడమచెయ్యి

బావగారి మాట ఇంకా మింగుడుపడటం లేదు. సాయంత్రం శాన్ ఆంటోనియో వీధుల్లో కారులో వెళ్తుంటే రేడియోలో కొన్హుంతో, అదే టెక్సస్ మెక్సికన్ల అకార్డియన్ సంగీతం, వస్తోంది. "ఇది జర్మన్ల పోల్కా కదమ్మా, వీళ్ళ సొంతం ఏముంది?" అన్నారు. ఆయన తీర్పులు ఎప్పుడూ ఇంతే. ఈయన నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం దోసెలు పోసేంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది.

కాదని ఎలా అనను? అకార్డియన్‌కు పేటెంటు పుట్టింది 1829లో, వియన్నాలో. జంటలు ఆడే పోల్కా బొహీమియాది, అంటే నేటి చెక్ దేశానిది. చోటిస్, రెదోవా, వాల్స్ నాట్యాలన్నీ సముద్రం దాటి వచ్చినవే. 1845లో జర్మన్లు కట్టుకున్న న్యూ బ్రౌన్‌ఫెల్స్ మా ఇంటికి గంట దూరం కూడా లేదు. వాయించే పెట్టె మీద కనిపించే హోనర్ పేరు కూడా జర్మనీదే. బావగారి మాటే నిజమేమో! అది ఇంకా కంపరంగా ఉంది.

అయితే ఓ ఏడాది ఇక్కడి రోజ్‌డేల్ పార్కు కొన్హుంతో ఉత్సవంలో వేదిక పక్కనే చోటు దొరికింది. అందరూ అకార్డియన్ వాయిస్తున్న పెద్దాయన కుడిచేతి వేళ్ళను చూస్తుంటే నేను ఎడమచేతినే చూస్తూ కూర్చున్నాను. తోలుపట్టీలోకి దూరిన ఆ చెయ్యి తిత్తిని లాగడం, తొయ్యడం తప్ప మంద్రస్వరాల బేస్ బొత్తాం ఒక్కటీ నొక్కలేదు. మా ఊరి పద్యనాటకాల హార్మోనిస్టు కళ్ళముందు కదిలాడు. ఆయన ఎడమచేతికీ గాలి పనే. ఇక్కడ మంద్రం బరువంతా పక్కనున్న పన్నెండు తీగల గిటారు, బాహో సెస్తో, మోస్తోంది. 1930లలో టెక్సస్ అకార్డియన్ వాద్యకారుడు నార్సిసో మార్తీనెస్ పట్టిన దారి అది. ఎడమవైపు పని తన జోడీ సాంతియాగో అల్మేదా బాహో సెస్తో తీగలకు వదిలేసి, తాను కుడిచేతితోనే పాట నడిపాడు. దంచుడు మోత పోయి, స్వరాలు కాలిన పెనం మీద నీటిచుక్కల్లా చిటపటలాడాయి. ఇది జర్మన్లది ఎలా అవుతుంది?

పైగా రికార్డు కంపెనీ అతని పోల్కాలనే పోలిష్ వాళ్ళకు 'పోల్స్కి క్వార్టెట్' అని, లూసియానాలోని ఫ్రెంచి సంతతి కేజన్లకు 'లూసియానా పీట్' అని పేరు మార్చి అమ్మింది! మొదట పగలబడి నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. మనిషి పేరు కొట్టేసి సరుకు అమ్ముకోవడం ఏమిటి? 'లోయ తుఫాను' (లోయ అంటే దక్షిణ టెక్సస్‌లోని రియో గ్రాండే లోయ) అని పేరు మోసినవాడు పొట్టకూటికి లారీ తోలాడు, బ్రౌన్స్‌విల్ జంతుప్రదర్శనశాలలో పని చేశాడు.

ఈ సంగతి బావగారికి చెప్పను. వెంటనే రాయల్టీల లెక్క మొదలుపెడతారు.