పిట్టల చదువుకు అమెరికాలో సీటు: నా అనుభవం

పర్యావరణ జీవశాస్త్రంలో ఎం.ఎస్. చేయడానికి ఈ ఆగస్టులో అమెరికా వెళ్తున్నాను. ట్యూషన్ ఫీజు మాఫీ, పైగా నెలనెలా భత్యం. దీన్ని కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. ఎందుకంటే ఇది జరిగే పని కాదని ఒక కన్సల్టెన్సీవాళ్లు మా నాన్న ఎదుటే నా ముఖం మీద చెప్పారు.

ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) సాఫీగా అయిపోయింది. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష నేను దరఖాస్తు చేసినచోట అడగనే లేదు.

నరకం చూసింది హైదరాబాద్‌లోని ఆ కన్సల్టెన్సీలోనే. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు కొల్లేటి నీటిపక్షుల మీద. ఆటపాకలో గూడబాతులను లెక్కపెట్టాను, చేపల చెరువుల గట్ల మీద ఏ పక్షి ఏం తింటోందో రాసుకున్నాను. ఇదంతా చెబుతుంటే కౌన్సెలర్ ఫోను చూసుకుంటున్నాడు. తరవాత ఒక జాబితా చేతిలో పెట్టాడు. అందులో పర్యావరణ ఇంజినీరింగు ఉంది, మేనేజ్‌మెంటు ఉంది, థీసిస్ లేని కోర్సులు ఉన్నాయి. జీవశాస్త్రం మాత్రం లేదు. "వీటిలో పక్షుల మీద పనిచేసే ప్రొఫెసర్లు ఎవరున్నారండీ?" అని అడిగాను. నాకు జవాబు చెప్పకుండా నాన్న వైపు తిరిగాడు.

"అంకుల్, పిట్టలు లెక్కపెట్టడానికి నలభై లక్షలు పోస్తారా? డేటా సైన్స్‌కు మార్చేద్దాం. చదువయ్యాక మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు."

పక్క బల్ల దగ్గరివాళ్లు నవ్వారు. జీవశాస్త్రం చదివినవాళ్లకూ ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, అదే మూడేళ్లని నాకు తెలుసు. చెప్పాను. వినలేదు. నేనక్కడ లేనట్టే వాళ్లిద్దరూ బ్యాంకు రుణం గురించి మాట్లాడుకున్నారు. నాన్న కైకలూరులో చేపల మేత అమ్ముతారు. నా ప్రాజెక్టు ఒక రకంగా ఆయన వ్యాపారానికే ఎదురు, అయినా ఎన్నడూ వద్దనలేదు. అలాంటి మనిషి అక్కడ తలూపుతూ కూర్చుంటే ఏడుపొచ్చింది.

తిరుగు రైల్లో చాలాసేపటికి ఆయనే అన్నారు: "ఆ పక్షుల మాస్టార్లు అమెరికాలో ఎవరెవరున్నారో నీకు తెలుసా అమ్మా?"

వేలు ఫీజు పుచ్చుకునేవాళ్లకు తట్టని ప్రశ్న అది. థీసిస్‌తో చేసే ఈ చదువులో చాలాచోట్ల ఒక ప్రొఫెసర్ "ఈ విద్యార్థిని నేను తీసుకుంటాను" అంటేనే దరఖాస్తు కదులుతుంది. ర్యాంకుల పట్టికలు ఇక్కడ పనికిరావు. విభాగం పేరు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒహాయో యూనివర్సిటీలో వృక్షశాస్త్రంతో కలిపి ఉంది, కొలంబియాలో పరిణామశాస్త్రంతో కలిపి ఉంది, ఇంకొన్నిచోట్ల చేపలు, వన్యప్రాణుల విభాగంలో వెతకాలి. అందుకే మనుషులనే వెతికాను. చిత్తడి నేలల మీద వచ్చిన పరిశోధన పత్రాలు చదివి, రాసినవారికే మెయిల్ పెట్టాను. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అని వందమందికి ఒకే ఉత్తరం పంపకండి, చెత్తబుట్టలోకి పోతుంది. ఆ పత్రంలో మీకు అర్థంకాని ఒక విషయం అడగండి. నేను వరిచేల మీద అడిగాను. ఒకావిడ మర్నాడే జవాబిచ్చారు, తరవాత వీడియోలో మాట్లాడారు. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ స్థలమని, అంటే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల అని ఆవిడకు ముందే తెలుసు! హైదరాబాద్ కౌన్సెలర్‌కు కొల్లేరు ఏ జిల్లాలో ఉందో కూడా తెలియదు.

కన్సల్టెన్సీలకు చాలావరకు కాలేజీల నుంచే కమీషన్ ముడుతుంది. అసిస్టెంట్‌షిప్‌తో, అంటే యూనివర్సిటీలోనే పనిచేస్తూ భత్యం మీద చదువుకోవడానికి వెళ్లేవాళ్ల వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. నా మాటలో కసి ఉందంటారా, ఉంది. సీటు వచ్చిందని తెలిసి, ఫ్లెక్సీలో వేసుకుంటాం ఫొటో ఇవ్వమని ఫోన్ చేశారు. ఇవ్వలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పేరున్న యూనివర్సిటీ, పైసా సాయం లేదు. రెండోది చిన్న ఊరు, ఆవిడ ల్యాబు, వారానికి 20 గంటలు బోధన సహాయకురాలి పని. సాయం ఇస్తామన్న యూనివర్సిటీలు చాలావరకు జవాబుకు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. తొందరపెడితే బెదరకండి. ఆ ల్యాబులోని విద్యార్థినితో విడిగా మాట్లాడితే ఒక సంగతి బయటపడింది: భత్యం తొమ్మిది నెలలకే, వేసవికి లేదు, ఆరోగ్య బీమా ఖర్చు వేరు. వేసవి సంగతి ప్రొఫెసర్‌ను మొహమాటం లేకుండా అడిగాను. ప్రాజెక్టు నిధుల్లోంచి ఇస్తానన్నారు. అది రాతపూర్వకంగా వచ్చాకే సరేనని జవాబు పంపాను.