ఏడో ఇంట్లో పాలు పొంగించాక

మొన్నొక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి విజయనగరం నుంచి ఫోను. "ఆంటీ, మోటారు వేస్తే గుయ్‌మంటోంది గానీ నీళ్లెక్కట్లేదు" అని మా ఇంట్లో అద్దెకుంటున్న అమ్మాయి. కండెన్సరు పోయుంటుందమ్మా, మనిషిని పంపిస్తానని చెప్పి, మొహం కడుక్కుందామని కుళాయి తిప్పితే ఇక్కడా చుక్క లేదు. నేనుండేది బొబ్బిలిలో, మేడ మీద రెండు గదుల అద్దె పోర్షన్. కిందకి దిగి, "మామ్మగారూ, ట్యాంకులో నీళ్లు లేవండీ" అన్నాను. అంటూ ఉండగానే తెలిసింది, ఆ అమ్మాయి ఐదు నిమిషాల క్రితం నాతో మాట్లాడిన గొంతుతోనే నేనూ మాట్లాడుతున్నానని. కొంచెం మొహమాటం, కొంచెం విసుగు, చివర్లో ఒక 'అండీ'.

మామ్మగారు చీపురు పక్కన పెట్టి, "ఏటి టీచరమ్మా, పొద్దున్నే ఏటీ గోల! రాత్రి మోటారెయ్యడం మరిచిపోనాను. ఇప్పుడేసీస్తాను, బేగి పట్టీసుకో" అన్నారు.

ఈ మధ్య మా స్టాఫ్ రూములో కొత్తగా వచ్చిన ఫిజిక్సు మాస్టారు ఒకటే అడుగుతున్నాడు: "మేడం, విజయనగరంలో ఫ్లాటు కొనీమంటారా, అద్దెకే ఉండిపోమంటారా?" నాకు సొంతిల్లుందని అడుగుతున్నాడు. లెక్కల టీచర్నని కూడా అడుగుతున్నాడేమో. లెక్క చెప్పడం తేలికే, కాగితం తీసి వేసిచ్చాను. ఫ్లాటు 45 లక్షలంటున్నారు. బ్యాంకు 80 శాతం ఇస్తే 36 లక్షల అప్పు. 8 శాతం వడ్డీ, ఇరవయ్యేళ్లు అనుకుంటే నెలకి 30 వేల నూట చిల్లర. మిగతా 9 లక్షలు చేతి డబ్బు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షల 37 వేలు. అదే అపార్ట్‌మెంటులో అలాంటి ఫ్లాటే అద్దెకి 11 వేలకి దొరుకుతోంది. ఏడాదికి 1,32,000. 45 లక్షల మీద మూడు శాతం కూడా లేదు.

"అయితే అద్దే మేలంటారా?" అన్నాడు మొహం వేలాడేసి. లెక్క ప్రకారం అంతే బాబూ అన్నాను. మరి మీరెందుకు కట్టేరని అడగలేదు. అడిగితే స్టాఫ్ రూములో చెప్పే సంగతి కాదది.

పెళ్లయ్యాక మేం ఐదు అద్దె ఇళ్లలో ఉన్నాం. తోటపాలెంలో రెండు, రింగు రోడ్డు దగ్గర ఒకటి, కంటోన్మెంటు వైపు రెండు. ఎక్కడ దిగినా ముందు మా అత్తగారు పాలు పొంగించేవారు. సామాను ఇంకా రిక్షాలోనే ఉండేది, స్టవ్వూ గిన్నే ముందు లోపలికి వెళ్లేవి. 'అద్దె కొంపకి ఇదంతా ఏమిటత్తయ్యా' అంటే, 'ఉన్నన్నాళ్లూ మనిల్లే కదే' అనేవారు. కంటోన్మెంటు వైపు రెండో ఇంట్లో ఆరేళ్లున్నాం. వెనక కాస్త ఖాళీ స్థలం ఉంటే మునగ కొమ్మ నాటుకుంటానని ఓనరుగారిని అడిగాను. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నారు. ఆరేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నారు.

2007 జనవరిలో మావయ్యగారు పోయారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. తెల్లవారుజామున కబురొచ్చింది. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేలోపు బయట దీపం పెట్టాలని నేను గుమ్మం దగ్గర నీళ్లు చల్లుతుంటే ఓనరుగారు గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. చెడ్డ మనిషి కాదు. ఆసుపత్రికి పళ్లు పట్టుకెళ్లి చూసొచ్చినాయనే. "ఏమనుకోకమ్మా, మా ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లుంది. ఇక్కడికి తేకండి" అన్నారు. చేతులు జోడించి మరీ అన్నారు. మావయ్యగారు ఆ ఇంటి అరుగు మీద ఆరేళ్లు కూర్చుని పేపరు చదివారు, వాళ్ల మనవడికి ఎక్కాలు నేర్పారు. ఆయన్ని ఆసుపత్రి నుంచి అటునుంచటే చీపురుపల్లి దగ్గర మా ఊరికి వ్యానులో తీసుకెళ్లిపోయాం. నేను సర్దుకుని ఆటోలో వెనక వెళ్లాను. పన్నెండో రోజు అయ్యాక తిరిగొస్తే, ఇల్లంతా కడిగించుకుని, పుణ్యాహవచనం చేయించుకుని లోపలికి రమ్మన్నారు. చేయించాం. ఖర్చు మాదే.

మా ఆయన ఏమీ అనలేదు. తరవాతి నెల నుంచి స్థలాలు చూడ్డం మొదలుపెట్టారు. మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు రాసే మనిషి, లెక్క తెలియక కాదు.

2009లో ఊరి చివర 150 గజాలు, గజం 3,200 చొప్పున కొన్నాం. స్థలం మీద తాకట్లూ అప్పులూ లేవని చూపే ఈసీ తీయించి, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు నాలుగు తరాలు వెనక్కి చూసుకుని, స్థలం చేతికొచ్చాక ఇంకో నాలుగేళ్లు ఊపిరి పీల్చుకుని అప్పుడు కట్టాం. 'ఇల్లు కట్టి చూడు' అన్నవాడు ఒక ముక్కలో తేల్చేశాడు గానీ, అసలు కష్టం కట్టేటప్పుడు కాదు. అప్పుడు మేస్త్రి ఉంటాడు, తిట్టుకోడానికి ఒక మనిషుంటాడు. కట్టాకే అంతా మన మీద పడుతుంది.

బ్యాంకు 15 లక్షలిచ్చింది. 10.25 శాతం, ఇరవయ్యేళ్లు, నెలకి 14,725. అప్పుడు మేం కడుతున్న అద్దె 4,500. మొదటి వాయిదా కట్టిన రోజు నేను పిల్లల నోటుబుక్కు చివరి పేజీలో వేసి చూసుకున్నాను: వడ్డీ 12,812. అసలులో తగ్గింది 1,912. పదిహేను లక్షల్లో పంతొమ్మిది వందలు! అదే కాగితం కింద ఇంకో వరస కూడా వేశాను, 240 వాయిదాలకి 35 లక్షల 34 వేలు అని. చక్రవడ్డీ పాఠం ఎనిమిదో తరగతి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు నాకు అర్థమైంది.

2014 వైశాఖంలో గృహప్రవేశం. ఆరోసారి పాలు పొంగించాం. అక్టోబరు 12న, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది గానీ మా ఊరినీ వదల్లేదు. మేడ మీద సగం ఖాళీగా ఉన్న నీళ్ల ట్యాంకు పైపుల్ని తెంచుకుని ఎగిరి రెండిళ్ల అవతల పడింది. పక్క స్థలంలో వేపచెట్టు మా ప్రహరీ మీదకి ఒరిగి, గోడ పన్నెండు అడుగుల మేర పడిపోయింది. మర్నాడు ఉదయం గాలి తగ్గాక నేనూ మా ఆయనా పెరట్లో నిలబడి చూస్తున్నాం. ఆయన అలవాటుగా "ఓనరుగారికి ఫోను..." అని మొదలెట్టి ఆగిపోయారు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు పది నిమిషాలు కూడా ఉండలేదు. సెల్‌ఫోన్లు పనిచేయవు, కరెంటు మా వీధికి తొమ్మిదో రోజున వచ్చింది, తాపీపని వాళ్లంతా ఎక్కడెక్కడో. మా మేస్త్రి ఇరవై రోజులకి వచ్చి పడిన గోడ చుట్టూ తిరిగి, "అప్పుడే సెప్పినాను గదమ్మా, బెల్టు ఎయ్యకుండా గోడ లేపీవొద్దని. నువ్వే కర్సు తగ్గించమన్నావు" అన్నాడు. నిజమే, నేనే అన్నాను. 38 వేలు పోయాయి.

అద్దె ఇంట్లో ఉంటే ఆ 38 వేలు నావి కావు. మరుసటేడు గోడలకి సున్నం, మూడేళ్లకి సన్‌షేడు చెమ్మ, ఐదేళ్లకి బోరు పూడిక, ఇవేవీ నావి కావు. ఆస్తి పన్ను సరేసరి. 2021 నుంచి మున్సిపాలిటీలో పన్నుని ఇంటి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కగడుతున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న గీత ఉంది కాబట్టి సరిపోయింది. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. దానికోసం నేను ప్రతి ఏప్రిల్లోనూ మా ఆయన వెంటపడతాను.

వడ్డీ సంగతి ఇంకా చెప్పాలి. 2022 మే నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి ఆరున్నర శాతానికి పెంచుకుంటూ పోయింది. దాంతోపాటే ఇంటి అప్పుల వడ్డీ కూడా పెరిగింది. మా ఖాతాలో నెలకి కోత అదే 14,725. అంచేత మనకేమీ తగల్లేదనుకున్నాను. ఒకసారి స్టేట్‌మెంటు తీయిస్తే గడువు పదహారు నెలలు పొడిగించి ఉంది. వాయిదా పెంచలేదు, వాయిదాల సంఖ్య పెంచారు. ఒక్క కాగితం ముక్క రాలేదు. కౌంటర్లో అబ్బాయి "సిస్టమే చేసేస్తుంది మేడం" అన్నాడు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, వాయిదా పెంచాలో గడువు పెంచాలో అప్పు తీసుకున్నవాళ్లని అడగాలని బ్యాంకులకి చెప్పింది. నాకు ఆలస్యమైపోయింది గానీ ఫిజిక్సు మాస్టారికి మాత్రం గట్టిగా చెప్పాను: ఏడాదికోసారి స్టేట్‌మెంటులో వాయిదా చూడకు, గడువు చూడు.

ఇంతకీ ఆ ఇంట్లో మేమున్నది పదేళ్లు. ఎనిమిదేళ్లు ఒకే బడిలో పూర్తయిన టీచర్లు కదలక తప్పదు. 2023 బదిలీల్లో నాకు బొబ్బిలి అవతల పల్లెటూరి హైస్కూలు వచ్చింది. మొదటి ఏడాది మానాపురం, రామభద్రపురం మీదుగా రోజూ బస్సులో తిరిగాను. మోకాళ్లు అరిగాయి. రెండో ఏడాది ఇల్లు అద్దెకిచ్చేసి ఇక్కడికి వచ్చేశాను. మా ఆయన శనివారం సాయంత్రం వస్తారు, వారంలో మిగతా రోజులు షాపు దగ్గరే వాళ్ల అక్కగారింట్లో. అత్తగారు లేరు కాబట్టి ఏడోసారి పాలు నేనే పొంగించాను, మామ్మగారు చూస్తుండగా. "సొంత ఇల్లు పెట్టుకుని ఇక్కడేటమ్మా నీకు?" అన్నారావిడ.

మా ఇంటికొచ్చే అద్దె 9,000. ఇక్కడ నేను కట్టేది 6,500. వాయిదా మాత్రం అదే. ఇంటద్దె కడుతున్నాను కదా, పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మీద, అంటే జీతంతో వచ్చే ఇంటద్దె భత్యం మీద, పన్ను మినహాయింపైనా వస్తుందేమో అని చూశాను. కట్టిన అద్దెలోంచి బేసిక్, డీఏ కలిపిన జీతంలో పదో వంతు తీసేయమంటారు. నా జీతంలో పదో వంతే 6,500 దాటిపోయింది. మినహాయింపు సున్నా. చిన్న ఊళ్లో చవకగా ఉంటే ఆ చవకకి కూడా శిక్షే.

ఓనరుగా నేనెలా ఉన్నానో చెప్పుకోవాలి కదా. అందర్లాగే పదకొండు నెలల అగ్రిమెంటే రాశాం. మీరేవిట్లు అని కులం అడగలేదు. నన్ను బొబ్బిలిలో మూడిళ్ల దగ్గర అడిగారు, ఒకచోట గేటు తీయకుండానే అడిగారు. కానీ కిందటేడు ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, అమ్మావాళ్లింట్లో సౌకర్యం లేదు. పురుడు ఇక్కడే పోసుకోవచ్చా?" అని అడిగితే నా నోట వెంటనే మాట రాలేదు. మా ఆడపడుచు పక్కనుంచి వద్దు వద్దని సైగ చేస్తోంది. ఒక అర నిమిషం. గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డ పెద్దమనిషి గుర్తొచ్చాక, "నీ ఇష్టం అమ్మా, నన్నడగక్కర్లేదు" అన్నాను. ఆ అర నిమిషం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

మొన్న పైడితల్లమ్మ సిరిమాను పండక్కి విజయనగరం వెళ్లాం. చుట్టాలంతా వస్తారు, అందరం ఆడపడుచు ఇంట్లోనే కిక్కిరిసి పడుకున్నాం. సిరిమాను మూడుసార్లు తిరిగాక, ఒకసారి మనింటికి వెళ్లి సన్‌షేడు చూసొద్దామని మా ఆయనా నేనూ బయల్దేరాం. ముందు ఫోన్ చేసి, 'రావచ్చామ్మా' అని అడిగి మరీ వెళ్లాం. చెప్పులు గుమ్మం బయటే విప్పుకున్నాను. ఆ గుమ్మానికి పసుపు రాసింది నేనే. హాల్లో మా దేవుడి మూల ఉన్నచోట పాప ఉయ్యాల కట్టుంది. పాప నిద్రపోతోంది. నేను కూర్చోబోయిన చోట టీవీ బల్ల ఉంది, అందుకని కిటికీ పక్కకి సర్దుకున్నాను. ఆ అమ్మాయి కాఫీ తెచ్చింది, పంచదార ఎక్కువ.

వచ్చేముందు పెరట్లోకి వెళ్లాను. గృహప్రవేశం నాడు నాటిన కరివేపాకు ఇప్పుడు మనిషిని మించి పెరిగింది. "కొంచెం ఆకు కోసుకోనా అమ్మా" అన్నాను.

"అయ్యో, అడుగుతారేంటి ఆంటీ, కోసుకోండి" అని, కాస్త ఆగి, "ఆంటీ, ఆకులన్నీ మోటారు గుంటలో రాలిపోతున్నాయి. మా ఆయన ఈ చెట్టు కొట్టించేద్దామంటున్నారు. మీరేమంటారు?" అంది.

నా చేతిలో రెండు రెబ్బలున్నాయి.

"ఆలోచించి చెప్తానమ్మా" అన్నాను.