అంబోసెలి పెద్ద దంతాల ఏనుగు: ఈసారీ ఎండమావులే అడ్డం

కెన్యాలోని అంబోసెలి పార్కులో తీసిన ఫొటోల ఫైళ్లు వంద శాతం జూమ్‌లో తెరిచి చూస్తే కడుపు మండిపోయింది. దంతాలు గడ్డిని రాసుకుంటూ నడిచే ముసలి మగ ఏనుగు, దాని వెనక మబ్బు తునక లేని కిలిమంజారో, ఫ్రేమ్‌లో ఒక్క సఫారీ బండి కూడా లేదు. ఇవన్నీ ఒకేసారి కలిసి రావడం ఎంత అరుదో అంబోసెలి వెళ్లొచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంతా చేస్తే తొండం మీద ఒక్క ముడత కూడా స్పష్టంగా లేదు, దంతం అంచేమో నీళ్లలో పెట్టిన కర్రలా వంకరపోయింది.

బాగా వచ్చినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: పొద్దున ఆరున్నర దాటాక ఎంకొంగో నరోక్ చిత్తడి వైపు వెళ్తున్న ఆడ ఏనుగుల గుంపు, నలభై మీటర్ల దూరం, అన్నీ షార్ప్. దంతాల తెలుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దగ్గర ఉంచడం కూడా పనిచేసింది.

ఇక అసలు గొడవ. టైం తొమ్మిదిన్నర, లెన్స్ 600 మిల్లీమీటర్ల దగ్గర, షటర్ 1/2500, ఎఫ్ 8, ఐఎస్ఓ 400. రేంజ్‌ఫైండర్‌లో దూరం 220 మీటర్లు. ఇంజిన్ ఆపేశాం, లెన్స్ కిటికీ మీద బియ్యం నింపిన బీన్ బ్యాగ్‌లో కూర్చుని ఉంది, కాబట్టి చెయ్యి వణకడం అనే మాటే లేదు. ఫోకస్ తప్పిందేమో అని కూడా చూశాను. ఫోకస్ తప్పితే ముందున్న గడ్డో వెనకున్న పొదో ఏదో ఒకటి షార్ప్‌గా ఉండాలి, ఇక్కడ అదీ లేదు, ఇదీ లేదు. పైగా ఒకే బర్స్ట్‌లో, అంటే బటన్ నొక్కిపట్టి వరసగా తీసినవాటిలో, ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో చోట వంకర: ఒకదాంట్లో ఎడమ దంతం, తర్వాతి దాంట్లో చెవి అంచు, ఆ తర్వాత కాలు. లెన్స్ లోపమైతే ఇలా చోటు మారదు, ఇది నేల మీంచి లేచే వేడి గాలి పనే, నేను ఎండమావులు అంటున్నది దీన్నే.

చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వెంట తీసుకెళ్లాను. ఎండిన సరస్సు నేల, ఆ తెల్లటి ఉప్పు మట్టి, ఆరూ నలభై ఐదుకి 16 డిగ్రీలు చూపించింది. అదే నేల తొమ్మిదిన్నరకి 39. పక్కనే పచ్చ గడ్డి ఉన్నచోట 28. గాలేమో 24 దగ్గరే ఉంది. అంటే గంటల్లోనే నేలకీ గాలికీ మధ్య పదిహేను డిగ్రీల తేడా వచ్చేస్తోంది, మనం 600 మిల్లీమీటర్లతో ఆ గాలిలోంచే రెండు వందల మీటర్లు చూస్తున్నాం.

దూరం మారుస్తూ చూశాను. పది గంటలకి కూడా అరవై మీటర్లలో ఉన్న జీబ్రా బాగానే వచ్చింది, 120 దగ్గర సర్దుకోవచ్చు, 150 దాటితే మాత్రం దండగ. దగ్గరికి వెళ్దామంటే పార్కులో దారి దిగి బండి నడపకూడదు, ఆ రూల్ ఉండాల్సిందే కూడా, అంబోసెలి గడ్డి టైర్ల కింద ఎంత త్వరగా పోతుందో కళ్లారా చూశాను.

ఎత్తు మారిస్తే తేడా ఉంది. పైకప్పు తెరిచి నిలబడి తీస్తే లెన్స్ నేలకి దాదాపు రెండున్నర మీటర్ల పైన ఉంటుంది, కిటికీలోంచి అయితే మీటరుకి కాస్త ఎక్కువ. పైనుంచి తీసినవి కొంచెం మెరుగు. కానీ పెద్ద దంతాల ఏనుగుని పైనుంచి తీస్తే ఏం ఉపయోగం? కిందనుంచి చూసినప్పుడే ఆ దంతాల పొడవు తెలిసేది, కొండ దాని వీపు మీదుగా లేచేది. అందం ఉన్న ఎత్తులోనే వేడి కూడా ఉంది, నా కుస్తీ అంతా దీంతోనే.

బండి వేడిని కూడా అనుమానించాను. లోపలి వేడి గాలి కిటికీలోంచి సరిగ్గా లెన్స్ ముందునుంచే బయటికి పోతుంది. అద్దాలన్నీ దించి ఇరవై నిమిషాలు ఆగాక తీస్తే కొద్దిగా నయం. బానెట్ మీదుగా మాత్రం తియ్యనే కూడదు. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు ఎండ అడ్డుకోవడానికి తగిలించే గొట్టం) తీసేస్తే వేడి గాలి చిక్కుకోదని చాలామంది గట్టిగా చెబుతారు, నాకు హుడ్ ఉన్నా లేకున్నా ఒకేలా వచ్చాయి.

అన్నిటికంటే పెద్ద ఆధారం అనుకోకుండా దొరికింది. తొమ్మిదీ యాభైకి మబ్బొకటి సూర్యుడికి అడ్డం వచ్చింది, నాలుగైదు నిమిషాలు గడిచాక అదే 220 మీటర్ల దగ్గర నూటికి రెండు మూడు ఫ్రేముల్లో ముడతలు కనపడ్డాయి! ఈలోగా కొండ మొత్తం మబ్బుల్లోకి పోయిందనుకోండి, అయినా దారి దొరికినట్టే ఉంది. నా లెక్క ప్రకారం తప్పు ముప్పాతిక వంతు నేలది, మిగతాది బండిది.

ఏఐ షార్పెనింగ్ వాడమని సలహా ఇచ్చేవాళ్లకి ఒక మాట. అది లేని ముడతలని పుట్టిస్తుంది. అంబోసెలిలో 1972లో సింథియా మాస్ మొదలుపెట్టిన పరిశోధనలో ఒక్కో ఏనుగునీ గుర్తుపట్టేది చెవి అంచు చిరుగులు, చెవి నరాల గీతలు చూసే. మన ఫొటో ఎప్పుడైనా గుర్తింపుకి పనికిరావాలంటే ఆ చెవి నిజంగా కెమెరా చూసిన చెవే అయ్యుండాలి. లెన్స్ బ్రాండ్ల సంగతికొస్తే, కెనాన్ 100-500 మోయడానికి హాయి, కానీ అక్కడి దుమ్ములో నా ఓటు సోనీ 200-600కే, జూమ్ చేస్తే గొట్టం బయటికి రాదు. రెండు కిలోలకి పైగా బరువుంటే ఏం, మోసేది బీన్ బ్యాగే కదా. ఎండమావుల్లో దూరాన్ని ఇంకా దగ్గరగా చూపే 1.4 ఎక్స్ కన్వర్టర్ తగిలించడం వల్ల మాత్రం లాభం లేదు, వంకర ఇంకా పెద్దగా కనపడుతుందంతే.

నైరోబీలో ఉంటానని తెలిసి పెద్ద దంతాలవి ఎక్కడ దొరుకుతాయని అడుగుతున్నారు, అందులో వేట కోసం అడిగినవాళ్లు కూడా ఉన్నారు. కెన్యాలో వేట 1977 నుంచే నిషేధం. ఒక్కో దంతం 45 కిలోలు దాటిన ఏనుగుని సూపర్ టస్కర్ అంటారు, అలాంటివి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అంబోసెలి ఏనుగులకి సరిహద్దు తెలీదు, గడ్డి కోసం టాంజానియా వైపు వెళ్తాయి. అక్కడ ఎండుయిమెట్ ప్రాంతంలో 2023-24లో నెలల వ్యవధిలో ఐదు పెద్ద మగ ఏనుగులని లైసెన్స్ వేటలో కాల్చేశారు. ముసలివే కదా, పిల్లల్ని కనే వయసు అయిపోయింది కదా అనే వాదన నాకు ఒళ్లు మంట. ముప్పై ఐదు దాటాకే మగ ఏనుగు మదం బాగా నిలుస్తుంది, నలభైల్లో, యాభై దాకా కూడా ఎక్కువ పిల్లలకి తండ్రి అయ్యేది అదే. దంతం బతికున్నన్నాళ్లూ పెరుగుతుంది, అంటే అంత దంతం రావాలంటే ఆ ఏనుగు అన్నేళ్లు బతకాలి. 1970లో మార్సబిట్‌లోని అహ్మద్ అనే పెద్ద దంతాల ఏనుగుని అప్పటి కెన్యా అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ప్రత్యేక ఉత్తర్వుతో కాపాడబట్టే అది 1974లో సహజంగా పోయింది. కెన్యాలోనే త్సావో పార్కులో సతావో అనే ఏనుగుకి ఆ అదృష్టం లేదు, 2014లో విషబాణం వేసి చంపారు. అందుకే చెబుతున్నా, ఫొటోల్లో జీపీఎస్ ఆపెయ్యండి, పెద్ద దంతాల ఏనుగు ఫొటో అదే రోజు పెట్టకండి, ఏ చిత్తడి పక్కన కనిపించిందో అసలు రాయకండి.

తర్వాతి ప్లాన్: చిన్న వానలు (ఇక్కడ ఏడాది చివర్లో పడే వానలు) తగ్గాక, నేల పచ్చగా, తడిగా ఉన్నప్పుడు మళ్లీ అంబోసెలి. గేటు ఆరింటికి తెరుస్తారు, నా లెక్కలో ఎనిమిదింటికల్లా ఆట ముగిసినట్టే, కాబట్టి ఈసారి ఉప్పు మట్టి వైపు కాకుండా లోంగిన్యే చిత్తడి దారిలో గడ్డి మీదుగా మాత్రమే తీస్తాను. సాయంత్రం పార్కు ఆరింటికే మూసేస్తారు కాబట్టి బయట కిమానా వైపు రెండు రోజులు ఉండి, నేల చల్లబడే వేళ చూడాలని ఉంది. ఆ తర్వాత త్సావో ఈస్ట్. అక్కడ ముదాండా రాక్ ఎక్కి కిందున్న నీటి గుంటకి వచ్చే ఏనుగుల్ని పైనుంచి తీస్తే ఎర్ర మట్టి వేడి ఎంతవరకు పైకొస్తుందో, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా తీసి థర్మామీటర్ అంకెలతో సహా పెడతాను. అరుబా డ్యామ్ దగ్గర నీళ్ల మీదుగా కూడా కొలవాలి. కచ్ రణ్‌లో అడవి గాడిదల్ని తీసినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ ఉప్పు నేల మీద ఎన్ని గంటల దాకా 150 మీటర్లు దాటి షార్ప్‌గా వచ్చిందో చెప్పండి.