ముందు "ఎవరికి?", తర్వాతే కాగితం

మనందరం కలిసి చదువుకున్న బడిలో, కానుకగా ఇచ్చే పుస్తకాలు చేత్తో చేయించే క్రాఫ్ట్ పీరియడ్‌లో మన టీచర్ గారు ఎవరికీ ఊరికే కాగితం ఇచ్చేవారు కాదు. చెయ్యి చాపగానే "ఎవరికి?" అని అడిగేవారు. "అమ్మకండీ" అంటే సరిపోయేది కాదు. అమ్మ ఆ పుస్తకం ఎక్కడ పెట్టుకుంటుంది, ఎప్పుడు తెరుస్తుంది, అందులో రాసుకుంటుందా, ఫొటోలు అంటించుకుంటుందా, ఊరికే చూసుకుంటుందా, ఇవన్నీ చెప్తేనే కాగితం చేతికొచ్చేది. అప్పట్లో మనకు ఇదంతా చాదస్తంగా అనిపించేది. ఇప్పుడు మా ఇంటి పిల్లల్నీ, వాళ్ళ ఫ్రెండ్స్‌నీ కూర్చోబెట్టుకుని పుట్టినరోజులకు పుస్తకాలూ ఆల్బమ్‌లూ చేయిస్తున్నాను కదా, నేనూ మొదట అడిగేది అదే. సైజు, కాగితం మందం, కుట్టా మడతా అన్నవి అన్నీ ఆ జవాబులోంచే వస్తాయి.

ఆవిడ మొదట నేర్పింది ఒక్క కాగితంతో చేసే పుస్తకం, గుర్తుందా? కాగితాన్ని ఎనిమిది గళ్ళుగా మడిచి, విప్పి, పొడుగు వైపు మధ్య మడత మీద నడిమి రెండు గళ్ళ మేర మాత్రమే కత్తిరించాలి. తర్వాత పొడుగ్గా సగానికి మడిచి రెండు చివరలూ పట్టుకుని లోపలికి తోస్తే, ఆ చీలిక తెరుచుకుని నాలుగు రెక్కలు లేస్తాయి. వాటిని ఒకవైపు చుట్టేస్తే అట్టలతో కలిపి ఎనిమిది పేజీల పుస్తకం. గమ్ అక్కర్లేదు, దారం అక్కర్లేదు. ఆ రెక్కలు లేచే క్షణంలో ఐదారేళ్ళ పిల్లల ముఖాలు చూడాలి, వెంటనే ఇంకో కాగితం అడుగుతారు. ముందే బొమ్మలు వేస్తే పై వరస పేజీలు తలకిందులుగా వస్తాయి కాబట్టి, మడిచాక పేజీలకు పెన్సిల్‌తో నంబర్లు వేసి, ఆ తర్వాత బొమ్మలు మొదలుపెట్టించడం మంచిది. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాగితం రెండో వైపు. పుస్తకంగా మడిచాక అది లోపల దాక్కుంటుంది. మన టీచర్ గారు అక్కడ ఉత్తరం రాయించేవారు. పుస్తకం అందుకున్నవాళ్ళు మడతలు పూర్తిగా విప్పితే తప్ప అది కనిపించదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పాలా, వాళ్ళంతట వాళ్ళే కనుక్కునేదాకా ఆగాలా అన్న టెన్షన్ మాత్రం పిల్లలకు మామూలుగా ఉండదు.

కుట్టు పుస్తకానికి ఏడెనిమిదేళ్ళు వస్తే చాలు. నాలుగు నుంచి ఎనిమిది కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, బయట కాస్త దళసరి అట్ట, మడత మీద మూడు రంధ్రాలు. రంధ్రాలు పెద్దవాళ్ళే దబ్బనంతో పొడిచి ఇవ్వాలి, కింద పాత పత్రిక ఒకటి తెరిచి పెట్టుకుంటే బల్లకు గాట్లు పడవు. సూది లోపలి నుంచి మధ్య రంధ్రంలో దూర్చి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, మధ్య రంధ్రం జోలికి పోకుండా నేరుగా కింది రంధ్రంలోంచి బయటికి పంపి, మళ్ళీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపలే ఉంటాయి. నిలువుగా పరిచిన పొడుగు కుట్టుకు చెరోవైపు ఒక కొస పెట్టి, దాని మీదుగా ముడి వేయాలి, అప్పుడు కుట్టు జారదు. దారం పుస్తకం ఎత్తుకు మూడింతలు తీసుకోండి. ముందే దాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. దారాన్ని లాగేటప్పుడు మడత వెంబడే లాగమనండి, అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది. కుట్టు వంకరగా వస్తే రానివ్వండి. పిల్ల కుట్టింది విప్పేసి మనం చక్కగా కుట్టి ఇచ్చామంటే అది మన పుస్తకమైపోతుంది, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. కొలతలు, కటర్, దబ్బనం మనవి. మిగతాదంతా వాళ్ళది.

కాగితానికి ఒక వాలు ఉంటుందని ఆవిడ చెప్పింది మర్చిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. తయారయ్యేటప్పుడు పీచంతా ఎక్కువగా ఒకే దిక్కుకు పడుతుంది. కాగితాన్ని మడవకుండా ఊరికే అటోసారి ఇటోసారి వంచి చూడండి, ఎటు తేలిగ్గా వంగితే మడత అటు రావాలి. పల్చటి కాగితంతో పెద్ద తేడా తెలీదు గానీ, చార్టుతో అట్ట వేసినప్పుడు వాలుకు అడ్డంగా మడిస్తే మడత మీద పగుళ్ళొస్తాయి, పుస్తకం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది.

ఇక మెలికల పుస్తకం. ఒకరోజు టీచర్ గారు క్లాసుకు పొడుగాటి కాగితపు పట్టీ ఒకటి తెచ్చి, చుట్ట చుట్టి, "ఇందులో మధ్యలో ఏముందో చెప్పండి" అన్నారు. చుట్టంతా విప్పితే గానీ చెప్పలేకపోయాం. అదే పట్టీని అటూ ఇటూ మడతలు పెట్టి ఇచ్చారు, వేలు పెట్టి కావాల్సిన చోట తెరిచాం. మెలికల పుస్తకం అంటే అదే. తేదీ అచ్చయి ఉన్న పూర్తి పుస్తకాల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో అన్నిటికన్నా పాతది వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం, క్రీ.శ. 868 నాటిది, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అదీ చుట్టే, విప్పితే దాదాపు 5 మీటర్లు. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఆ పట్టీయే కళ్ళముందు కదిలింది.

మా అక్క కూతురు వాళ్ళ తాతయ్యకు పుస్తకం చేస్తానన్నప్పుడు నేను అలవాటుగా "ఆయన దాన్ని ఎలా పట్టుకుంటారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తాతయ్య చేతులు వణుకుతాయి కదా, పేజీ తిప్పడం కష్టం" అంది. అందుకే మెలికల పుస్తకం చేశాం, బల్ల మీద నిలబెడితే అన్ని పేజీలూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక్కో పేజీ మీద పెద్ద అక్షరాలతో ఒక్కో ప్రశ్న రాసింది: మీ బడి ఎలా ఉండేది, మీ ఫ్రెండ్ ఎవరు, మీకు దేనికి భయం వేసేది. కింద చోటంతా ఖాళీ. ఆయన రాయలేరు కాబట్టి ఆయన చెప్తుంటే తనే రాస్తుంది. ఆ పుస్తకం ఇంకా పూర్తవలేదు. ఒక్కో పేజీ నింపడానికి ఇద్దరూ పూటంతా కూర్చుంటారు. రంగురంగుల స్టిక్కర్లు ఎన్ని అంటించినా ఇలాంటి కానుక అవదు. అన్ని ముక్కలూ ముందే కత్తిరించి పెట్టిన రెడీమేడ్ కిట్లు నాకు నచ్చనిదీ అందుకే. తాతయ్య చేతుల గురించి ఆలోచించే చోటు వాటిలో ఉండదు.

ఆల్బమ్ చేసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. ఫొటోలు అంటించేకొద్దీ పేజీల బయటి వైపు మందం పెరుగుతుంది, కుట్టు వైపు పెరగదు, దాంతో ఆల్బమ్ మూతపడదు. ప్రతి రెండు పేజీల మధ్య కుట్టు దగ్గర రెండు సెంటీమీటర్ల వెడల్పున ఒక కాగితపు ముక్క పెట్టి కలిపి కుట్టేస్తే సరి. ఫొటోకు వెనకంతా గమ్ పూయకండి, నాలుగు మూలలకూ చిన్న కాగితపు జేబులు చేసి దూర్చండి, కావాలంటే తీసుకోవచ్చు. సెల్లోటేప్ వద్దే వద్దు. కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి, జిగురు ఊరి, పక్క పేజీకి అంటుకుంటుంది. పాత న్యూస్‌పేపర్ కూడా లోపలి పేజీలకు పనికిరాదు, దాని కలప గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వల్ల అది త్వరగా పసుపెక్కి పెళుసైపోతుంది. అట్టకు బయట కాగితం అంటిస్తే లోపల కూడా అంటించాలి. తడిసిన కాగితం ఆరుతూ బిగుసుకుని అట్టను తన వైపు లాగుతుంది, రెండో వైపు కాగితం దానికి ఎదురు లాగితేనే అట్ట చదునుగా ఉంటుంది. రాత్రంతా బరువు కింద పెట్టి తీరాలి. పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన పని ఈ ఆగడమే, అందుకని నేను అంటించే పని సాయంత్రాలే పెట్టుకుంటాను.

ఈసారి అందరం కలిసినప్పుడు టీచర్ గారికి ఇవ్వడానికి మనమే ఒక ఆల్బమ్ కుడదాం అని నా ప్రపోజల్. మీ పిల్లల్ని కూడా తీసుకురండి, కుట్టే పని వాళ్ళకు అప్పజెబుదాం. ఒక్కొక్కరు ఒక ఫొటో చాలు, లామినేషన్ చేసినవి మాత్రం వద్దు, మందం ఎక్కువైపోతుంది. ఫొటో వెనక అంచు దగ్గర, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా పేర్లు రాయండి. బాల్‌పెన్ అయితే గీతలు ముందు వైపుకు తేలతాయి. దారం, దబ్బనం, అట్టలు నేను తెస్తాను. ఆవిడకు ఇప్పుడు ఏ సైజు అక్షరాలు కనిపిస్తాయో, ఎంత బరువు తేలిగ్గా పట్టుకోగలరో ఈమధ్య కలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు ముందే చెప్పండి, దాన్నిబట్టి కాగితం కత్తిరిస్తాను.