మసాణ్ ఖిడ్కీ దగ్గర లెక్క తప్పింది

మా మేనల్లుడు మంచిర్యాల నుంచి సెలవులకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. చంద్రపూర్‌లో చూడ్డానికి పులులు తప్ప ఇంకేమీ లేవని వాడి అభిప్రాయం. తాడోబా సఫారీ ఈ నెల మన బడ్జెట్‌లో లేదు కాబట్టి, కోట గోడ వెంట సాయంత్రం దెయ్యాల నడక ఉందని తెలియగానే పేర్లు ఇచ్చేశాను. కొందరు కుర్రాళ్ళు చలికాలంలో శనివారాలు నడుపుతున్నారు. మనిషికి రెండు వందలు. వాట్సాప్‌లో పేరు, వయసు పంపి, ఫోన్‌పే చేసి, ఆ స్క్రీన్‌షాట్ పెట్టాలి. వెంటనే మరాఠీలో నిబంధనల జాబితా వచ్చింది: బూట్లు వేసుకోండి, నీళ్ళు తెచ్చుకోండి, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, ఎవరూ గుంపు వదిలి పోవద్దు. ఈ చివరిది దెయ్యాల గురించి కాదు, చిరుతల గురించి. మా ఊరి పొదల్లో అవి నిజంగానే తిరుగుతాయి.

అమ్మని అడిగితే ముందు రానంది. నాన్నని అడిగితే, "ముప్పై ఏండ్లు భూమి కింద చీకట్లనే ఉన్న. ఇంకా పైసలిచ్చి చీకటి జూడాల్నా?" అన్నాడు. ఆయన లాల్‌పేట్ బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. సరే అని మేమిద్దరం ఆటో ఎక్కుతుంటే అమ్మ చెంగులో రెండు నిమ్మకాయలు, ఒక పాత తాళంచెవి కట్టుకొని వచ్చి కూర్చుంది. ఇనుము దగ్గరుంటే గాలి సోకదట. ఆమెకి టికెట్ తీసుకోవాలన్న సంగతి నాకు తట్టలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆరున్నరకి జట్‌పురా గేటు దగ్గర కలిశాం. చంద్రపూర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ గేటు దగ్గర దెయ్యం కూడా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. హారన్ల మధ్య గైడ్ గొంతు చించుకుంటూ హాజరు వేశాడు. పదిహేడు మంది. అందరూ మరాఠీవాళ్ళే, తెలుగు ఇల్లు మాదొక్కటే. మా వాడికి మరాఠీ రాదు. కాబట్టి రాత్రంతా నా పని చెవిలో అనువాదం. దీనివల్ల ఒక ఇబ్బంది: అందరూ భయపడ్డాక అరనిమిషానికి మావాడు భయపడేవాడు.

కోట కథ మీకు తెలిసే ఉంటుంది. గోండు రాజు ఖాండ్‌క్యా బల్లాల్‌షాకి ఒంటినిండా కురుపులు. ఝర్‌పట్ వాగులో ఒక గుంతలో నీళ్ళు తాగి ముఖం కడుక్కుంటే మానిపోయాయట. ఆ చోటే అచలేశ్వర్ గుడి. తరవాత ఒక కుందేలు తిరగబడి రాజుగారి కుక్కనే తరిమిందట. అది తరిమిన దారి వెంటే గోడ కట్టించారని చెబుతారు. దానికి నాలుగు పెద్ద గేట్లు: జట్‌పురా, పఠాన్‌పురా, బినబా, అంచలేశ్వర్. ఖిడ్కీలని ఐదు చిన్న దారులు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నాం గానీ పాతవాళ్ళకి ఇది ఇంకా చాందాయే. రైల్వే కూడా మారలేదు, ఒక స్టేషన్ పేరు నేటికీ చాందా ఫోర్ట్.

జట్‌పురా దగ్గర గైడ్ చెప్పిన తెల్లచీర ఆడమనిషి కథ పరమ పాతది. బైక్ ఆపుతుంది, లిఫ్ట్ అడుగుతుంది, గేటు దాటేసరికి వెనక సీటు ఖాళీ. ఈ కథ మంచిర్యాల బైపాస్‌లో ఉంది, గోదావరిఖనిలో ఉంది. మావాడే, "మామా, ఇది మా స్కూల్ దగ్గరది" అన్నాడు. నేనైతే ఆ ఐదు నిమిషాలూ టార్చ్ వెలుగులో గేటు మీది శిల్పం చూస్తూ నిలబడ్డాను. ఏనుగును అణగదొక్కుతున్న సింహం, గోండు రాజుల గుర్తు. ఇరవై ఏళ్ళుగా ఆ గేటు కింద స్కూటర్ మీద పోతున్నాను, ఒక్కసారి తల ఎత్తలేదు.

గోల్ బజార్ దాటాక సందుల్లోకి మళ్ళాం. ఇక్కడ ఛకవా గురించి చెప్పాడు. మరాఠీవాళ్ళకి అదొక దెయ్యం. కొట్టదు, తిట్టదు, దారి మరిపిస్తుంది, అంతే. రాత్రంతా నడిచి నడిచి తెల్లారేసరికి బయల్దేరిన చోటే ఉంటావు. అమ్మ వెంటనే, "మన కొరివి దెయ్యమే. దూరంగ మంట జూపిచ్చి పిలుస్తది" అంది. నేను అనువదిస్తే గుంపులో ఒక పెద్దాయన ఆసక్తిగా వెనక్కి తిరిగాడు. అప్పటి నుంచి నాకు రెండువైపులా అనువాదమే.

తరవాత జైలు. ఇక్కడి రావిచెట్టు కోసమే నేను వచ్చానని చెప్పొచ్చు. మరాఠీ నమ్మకంలో రావిచెట్టు మీద ముంజా ఉంటాడు. ఒడుగు అయ్యి, పెళ్ళి కాకుండానే చనిపోయిన పిల్లాడి దెయ్యం. కాబట్టి చెట్టు కనబడగానే గుంపులో ఎవరో "ముంజా, ముంజా" అని నవ్వారు. గైడ్ నవ్వలేదు. టార్చ్ ఆర్పేశాడు. 1858 అక్టోబర్ 21న బాబూరావ్ శేడ్మాకేని ఇక్కడ ఉరితీశారు, ఆయనకి ఇరవై ఐదేళ్ళు అని మాత్రం చెప్పాడు. అహేరి వైపు మోలంపల్లి గోండు జమీందారు. అడవిలో దండు కూడగట్టి, ప్రాణహిత ఒడ్డున ఇంగ్లీషువాళ్ళ టెలిగ్రాఫ్ శిబిరం మీద పడ్డవాడు. అహేరి, సిరోంచ అంటే మా అమ్మకి పుట్టింటి దారి, అక్కడ తెలుగే నడుస్తుంది. ఆమె చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు విడిచారు.

దెయ్యం కథ ఏదీ చెప్పకుండానే గైడ్ ముందుకు నడిచాడు. నడక మొత్తంలో నాకు నచ్చిన పని అదే. అతన్ని తరవాత అడిగితే, "ఇతే భూత్ కశాలా?" అన్నాడు. ఇక్కడ దెయ్యం ఎందుకు, అని. అదే జైలు లోపల ఒక దర్గా ఉందని, మొహర్రంకి గేట్లు తెరిచి జనాన్ని లోపలికి పోనిస్తారని కూడా చెప్పాడు. అది నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి నాన్న భుజం మీద కూర్చొని పోయాను. జైలు చూసొచ్చానని బడిలో నెలరోజులు చెప్పుకున్నాను.

ఇక మసాణ్ ఖిడ్కీ. మసాణ్ అంటే శ్మశానమే. శవాలను ఊళ్ళోంచి బయటికి తీసుకుపోయిన దారి. అక్కడ వీధిదీపం లేదు. గోడ ఒక్కసారిగా మీద పడ్డట్టు ఉంటుంది. రాళ్ళ సందుల్లోంచి మొలిచిన మర్రి వేళ్ళు, గబ్బిలాల కంపు, దానికి తోడు మనుషులు చేసిన కంపు. గడప రాయి నడిమి పాదాల అరుగుడికి పళ్ళెంలా గుంటపడి నున్నగా మెరుస్తోంది. పక్కన ఎవరో కోసి పడేసిన నిమ్మకాయ, సగానికి కుంకుమ. అమ్మ దాన్ని చూసి తన నిమ్మకాయల్ని చెంగులో ఇంకాస్త లోపలికి దోపుకుంది.

గైడ్ ఒక పద్ధతి పెట్టాడు. ఫోన్లు ఆపేయాలి. ఒక్కొక్కరే ఖిడ్కీ దాటాలి. మాట్లాడకూడదు. తను పక్కన నిలబడి టార్చ్ నేలకి వంచి పాదాల మీదే వేస్తాడు. దెయ్యానికి కాళ్ళు వెనక్కి ఉంటాయిగా, తనిఖీ అన్నమాట. అందరూ ముసిముసిగా నవ్వారు గానీ వరసలో నిలబడ్డాక నవ్వు పోయింది. ముందు పోయినవాడు చీకట్లో కలిసిపోతాడు, వెనకవాడి ఊపిరి మెడ మీద తగులుతుంది, మధ్యలో నువ్వు. ఈ దారిన నడిచి పోయినవాళ్ళు మోసేవాళ్ళు మాత్రమే అని నాకు అప్పుడు తోచింది. తోచకుండా ఉంటే బాగుండేది.

అందరూ దాటాక గైడ్ అటువైపు వచ్చి మెల్లగా అన్నాడు: "అఠరా." పద్దెనిమిది. ఒక్క క్షణం ఆగి, "ఆపణ్ సత్రా హోతో." మనం పదిహేడు మందిమి కదా.

ఇది కూడా ఆటే అనుకున్నారు అందరూ. కానీ టార్చ్ వెలుగులో అతని ముఖం చూశాను, అది ఆట ముఖం కాదు. మళ్ళీ లెక్కపెట్టాడు. పద్దెనిమిది. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఎవరో హనుమాన్ చాలీసా అందుకున్నారు. మావాడు నా చొక్కా పట్టుకున్నాడు, ఈసారి అనువాదం కోసం ఆగకుండానే. నిజం చెబుతున్నా, నాకూ వీపు మీద చల్లగా పాకింది. పాదాలన్నీ ముందుకే ఉన్నాయి కదా అని కూడా చూశాను, సిగ్గుచేటు.

"ఏందిరా, ఏమంటుండు?" అంది అమ్మ.

"మనిషి ఎక్కువున్నరంట."

"నా పైసలు కట్టినవా మరి?"

నేను గొంతు సర్దుకొని గైడ్‌కి సంగతి చెప్పేసరికి గుంపంతా కూలబడి నవ్వారు, ఏడ్చిన అమ్మాయి అందరికన్నా ఎక్కువ. రెండు వందలు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. ఈ కథ వచ్చే వారం నుంచి తను చెప్పుకుంటాడట, అదే ఫీజు. ఇలాంటి నడకలు ఇంగ్లండులో యార్క్ అనే ఊళ్ళో 1973 నుంచే నడుస్తున్నాయని, అక్కడివాళ్ళకి కూడా ఇంత మంచి దెయ్యం దొరికి ఉండదని అన్నాడు. పొద్దున్నే ఎవరికైనా చెప్పుకోవాలనిపించే కథ దొరికింది గనక రెండు వందలూ నాకు గిట్టుబాటే.

చివరి మజిలీ అంచలేశ్వర్ గేటు. గోండు రాజు బీర్‌షా సమాధి అక్కడే, పురావస్తుశాఖ చేతిలో ఉంది, సాయంత్రానికి మూసేస్తారు, బయటి నుంచే చూశాం. హత్యకు గురైన భర్తకి రాణి హిరాయి కట్టించింది. ఆమె ఇప్పటికీ రాత్రుళ్ళు దీపం పట్టుకొని తిరుగుతుందని గైడ్ అన్నాడు. నాకు ఒప్పలేదు. భర్త పోయాక రాజ్యం చూసుకున్న మనిషి, చైత్రంలో నాందేడ్ నుంచి, తెలంగాణ నుంచి బండ్లు కట్టుకొచ్చే మహాకాళి గుడి కట్టించిందని పేరున్న మనిషి. ఆమె చేతికి దీపం ఒక్కటే ఇస్తే ఎలా?

అక్కడే అందర్నీ కూర్చోబెట్టి, మీకు ఎదురైన భయం ఏదైనా చెప్పమన్నాడు. హాస్టల్ గది, అద్దెయింటి మేడమెట్లు, మామూలువే. తరవాత అమ్మ నోరు విప్పింది. మరాఠీ, హిందీ, తెలుగు కలిపి చెప్పింది. ఈసారి నన్ను అనువదించనియ్యలేదు.

"లాల్‌పేట్ క్వార్టర్లల్ల ఉన్నప్పుడు షిఫ్టు మారనీకె భోంగా మోగేది. టైముకి మోగితే మంచిదే. టైము గాని టైముల మోగిందనుకో, ఆడోళ్ళందరం వాకిట్లకి వస్తుంటిమి. చేతులకి పిండి అట్లనే. ఎవ్వరం మాట్లాడకపోయేది. బావి కాడికెళ్ళి ఒకడు సైకిల్ మీద వస్తడు, ఏ గల్లీల మలుగుతడో సూడాలె. ఒకనాడు మా గల్లీ దాటి పోయిండు. దేవుడా అని సంతోషపడ్డ. పక్క గల్లీల కెళ్ళి ఏడుపు ఇనవడ్డది. నేను ఇంకా సంతోషం మీదనే ఉన్న." కాసేపు ఆగి, "అదే నా భయం" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గైడ్ టార్చ్ వెలిగించి అందరికీ థాంక్స్ చెప్పాడు. తొమ్మిదిన్నరయింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. ముందే బాత్రూం చూసుకొని వెళ్ళండి, దారిలో దొరకదు. ఫోన్ టార్చ్ చాలదు, బ్యాటరీ లైటు తెచ్చుకోండి. మరాఠీ రానివాళ్ళు తోడుగా ఒకర్ని పట్టుకుపోండి. ఇంకొకటి, రాయప్ప కోమటి విగ్రహాలు ఈ దారిలో రావు, అవి లాల్‌పేట్ వైపు. గుడి కట్టిద్దామని పెద్దపెద్ద విగ్రహాలు చెక్కించి, గుడి లేవకుండానే పోయిన మనిషి. పేరులోనే మనవాడని తెలుస్తోంది. పది తలల దుర్గ ఎండలో, వానలో వెల్లకిలా పడుకొని ఉంటుంది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అమ్మ ఆమెను రావణుడనుకొని రెండేళ్ళు దూరం నుంచే పోయిందట. దుర్గ అని తెలిశాక బొట్టు పెట్టొచ్చింది. మర్నాడు పొద్దున మావాణ్ణి అక్కడికే తీసుకుపోయాను, టికెట్ లేదు.

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి నాన్న గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. అమ్మ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మసాణం గడప దాటినం, కాళ్ళు కడగాలె అంది. నాన్నే బకెట్టు తెచ్చి చెంబుతో పోశాడు. మావాడి బూట్లు, నా ప్యాంటు అంచులు, అంతా ధూళి. పోస్తూ పోస్తూ అడిగాడు:

"ఏ షిఫ్టు దిగి వస్తున్నరు?"

"సెకండ్" అంది అమ్మ, ఇంకో కాలు ముందుకు పెట్టి.