ఆవాల సంచి

హనుమకొండలో మా చిన్నమ్మకు క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసిన మరుసటి ఏడు బతుకమ్మ పండుగ దగ్గర పడగానే చుట్టాలకు ఒక దిగులు పట్టుకున్నది. అంతమంది ఆడవాళ్ళ నడుమ వంగి చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు రైక ఒక పక్క బోసిగా కనబడదా అని. కీమోకు జుట్టు రాలినప్పుడు కొంగు కప్పుకుంటే సరిపోయింది. దీనికి కొంగు చాలదు. సిలికాన్ రొమ్ము ఖరీదు మాకు అందలేదు. ఉత్త దూది పెడితే బరువు లేక లోపలి బాడీ పైకి జరిగేది. చివరికి ఆమే పాత నూలు చీర ముక్కతో చిన్న సంచి కుట్టి, కుడివైపుకు సమానంగా తూగేదాకా ఆవాలు పోస్తూ, తీస్తూ సరిచూసుకున్నది.

అమెరికా నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1978లో రొమ్ము తీయించుకున్నాక కృత్రిమ రొమ్ము పెట్టుకోలేదు. అలా వస్తే క్లినిక్‌లో ఉన్నవాళ్ళ మనసు కుంగుతుందని డాక్టరు దగ్గరి నర్సు మందలించిందని 1980లో వచ్చిన 'ది క్యాన్సర్ జర్నల్స్'లో రాసింది. అది చదివిన పొగరుతో నేను ఆ సంచి ఎవరి కోసమని అడిగాను. "అందరి చూపు నా ఎద మీదనే ఉంటే నేనెట్ల ఆడాలె బిడ్డా?" అన్నది చిన్నమ్మ. నాకు జవాబు దొరకలేదు.

నా కోపమంతా అంతకుముందు జరిగినదాని మీద. ఆపరేషన్ సంగతి డాక్టరు వరండాలో చిన్నాయనకు చెప్పాడు, సంతకం ఆయనే పెట్టాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, ఇంకేమిటని పక్కనున్న ఒకావిడ అననే అన్నది. గడ్డ చిన్నదైతే దానిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా, ఆయుష్షులో తేడా ఉండదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లోనే చూపింది. ఇరవై ఏళ్ళ తర్వాత లెక్క చూసినా అదే తేలింది. చిన్నమ్మ గడ్డకు అది కుదిరేదో లేదో గాని, ఆ మాట ఆమె దాకా రాలేదు. వచ్చినా, వారాల తరబడి రేడియేషన్ కోసం హైదరాబాదులో గది తీసుకుని ఉంటే ఇక్కడ పొయ్యి వెలిగించేదెవరన్న ప్రశ్నే ముందు వచ్చేదేమో.

చంకలోని గ్రంథులు తీసినందున నీరు చేరి చెయ్యి వాచే ప్రమాదం ఉందని, ఆ చేతికి సూది వేయించవద్దని, బరువులు ఎత్తవద్దని చీటీ మీద రాసి ఇచ్చారు. మరి నీళ్ళ బిందె ఎవరు ఎత్తాలో రాయలేదు. కొన్నాళ్ళు మా అమ్మ వచ్చి ఎత్తింది, ఆ తర్వాత మళ్ళీ చిన్నమ్మే, కుడిచేత్తో. గోడ మీద వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం మాత్రం ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. చెయ్యి ఎంత పైకి అందితే అక్కడ పసుపు బొట్టు పెట్టేది. వంటింటి గోడ మీద ఆ బొట్లు ఇప్పటికీ వరుసగా ఉన్నాయి.

సద్దుల బతుకమ్మ నాడు ఆ సంచి పెట్టుకునే ఆడి వచ్చింది. చెమటకు ముక్కిన వాసన వస్తుందని అప్పుడప్పుడు ఆవాలు మారుస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు సంచి కిటికీ చువ్వకు వేలాడుతుంటుంది. ఎవరు వచ్చినా తీసి దాచదు.